ఉప్పునీళ్లకు తట్టుకునే మొక్కలు

పెళ్లయిన పదకొండేళ్లకు యానాం దగ్గర సొంత ఇల్లు కట్టుకున్నాం. నేను సైన్సు చెప్పే బడికి అక్కణ్నుంచి నడిచే వెళ్లొచ్చు. ఇంటి ముందు కాస్త ఖాళీ జాగా వదిలించింది నేనే. అక్కడ కారుకి షెడ్డు వేద్దామని మా ఆయన అంటే, "కారు కొన్నప్పుడు చూద్దాం, ముందు మొక్కలు" అన్నాను.

మొదట గులాబీలు పెట్టాను. చిగుళ్లు వేశాయి, మొగ్గ తొడిగాయి. ఆ తర్వాత ఆకుల అంచులు మాడడం మొదలైంది. నెలన్నర తిరిగేసరికి పుల్లలు మిగిలాయి. ఎరువు చాల్లేదనుకుని మళ్లీ తెచ్చాను, మళ్లీ అంతే. కనకాంబరాలు పెట్టాను. కుండీల్లో ఆంథూరియంలు పెట్టాను. ఆకు మాడుతున్న కొద్దీ పొద్దునా సాయంత్రం ఇంకో రెండు చెంబులు ఎక్కువ పోసేదాన్ని.

మా అత్తగారు మాతోనే ఉంటారు. గట్టిగా మాట్లాడే మనిషి కాదు. ఒకరోజు ఎవరింటినుంచో తెల్ల మందార కొమ్మ తెచ్చుకున్నారు. నేను గునపం అందుకోబోతుంటే, "నువ్వొద్దులే అమ్మా, పక్కింటావిడ చేత పెట్టిద్దాం. ఒక్కొక్కరి చెయ్యి ఒక్కోలా ఉంటుంది" అన్నారు. కోపంగా అని ఉంటే ఏదో ఒకటి తిరిగి చెప్పేదాన్ని. మెల్లగా, నా మీద జాలిగా అన్నారు. గునపం గోడకి ఆనించి లోపలికి వెళ్లిపోయాను.

ఆ మాట నన్ను వదల్లేదు. పక్కింటావిడ నాటిన ఆ కొమ్మ కూడా ఎండిపోతే, రోజూ నీళ్లు పోసింది నేనే కదా అనుకున్నాను. బడిలో మొక్కలు నాటే రోజున హెడ్మాస్టారు నా చేతికి ఒక వేపమొక్క ఇచ్చారు. పిల్లలంతా చుట్టూ నిలబడి చూస్తున్నారు. "నేను ఫొటోలు తీస్తానండీ" అని దాన్ని పక్కనున్న లెక్కల టీచరుకి ఇచ్చేశాను. చేతిలో మంచీ చెడూ ఉండవని పిల్లలకు చెప్పాల్సిన దాన్ని నేను. ఆ మొక్కను ముట్టుకోవడానికి భయపడ్డాను.

మొన్న శీతాకాలంలో రాజమండ్రిలో పెళ్లికి వెళ్లి అద్దె కారులో తిరిగొస్తుంటే, మా ఆయన కడియం నర్సరీల దగ్గర కారు ఆపించారు.

"చూడ్డానికైతే దిగుతాను. కొనను" అన్నాను.

రోడ్డు పక్క నర్సరీలోకి వెళ్లాం. ఆకుపచ్చ వల కింద యాభై ఏళ్లావిడ ఒకరు కూర్చుని నల్ల కవర్లలో మట్టి నింపుతున్నారు. ఏం కావాలని అడిగారు.

"ఏమీ వద్దండి. నా చేతికి మొక్కలు బతకవు."

ఆవిడ నవ్వలేదు. "ఎలా పోతాయండీ? కుళ్లిపోయా, ఎండిపోయా?"

"ముందు ఆకు అంచు మాడుతుంది. తర్వాత మొత్తం ఎండిపోతుంది."

"ముదురాకా, లేతాకా?"

ఇన్నేళ్లలో నన్ను ఈ ప్రశ్న ఎవరూ అడగలేదు. నాకు నేనూ వేసుకోలేదు. "ముదురాకే ముందండి" అన్నాను.

"ఏ ఊరండీ మీది? నీళ్లు బోరువా?"

చెప్పాను. ఆవిడ చేతులు దులుపుకుని, "ఆయ్. ఈసారి వచ్చినప్పుడు ఓ సీసాలో మీ నీళ్లు తెండి. అప్పటిదాకా ఏమీ కొనకండి" అన్నారు.

మొక్కలమ్మే చోట కొనొద్దని చెప్పిన మనిషిని అంతకుముందు చూడలేదు. ఆ తర్వాతి ఆదివారమే బస్సెక్కి, సీసా పట్టుకుని వెళ్లాను. ఆవిడ మూత తీసి, అరచేతిలో కాస్త పోసుకుని నాలుకకు తగిలించుకుని వెంటనే ఉమ్మేశారు.

"ఉప్పండీ బాబూ! ఇవి ఎలా తాగుతున్నారండీ?"

తాగడం లేదు. తాగడానికీ వంటకీ క్యాను నీళ్లు తెప్పించుకుంటాం. సబ్బు నురగ రాదు, కుళాయిలకు తెల్లటి పెచ్చు కడుతుంది. అవి చూసి చూసి అలవాటైపోయింది. వాటికీ నా గులాబీలకీ ముడిపెట్టి ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

"మాడుతుంటే ఇంకా ఎక్కువ పోసేవారా?"

"పోసేదాన్నండి."

"మరింకేం. మీ చెయ్యి కాదండీ, మీ నీళ్లు."

అక్కడే కొబ్బరిపొట్టు బస్తా మీద కూర్చుండిపోయాను. గుండెల మీంచి ఏదో దించినట్టయింది. కళ్లు తుడుచుకుంటుంటే ఆవిడ చూడనట్టు కవర్లు సర్దుతూ ఉన్నారు.

తర్వాత నన్ను వెంటబెట్టుకుని నర్సరీ అంతా తిప్పారు. గులాబీల మడి రాగానే, "ఇటు చూడకండి" అని నా మోచెయ్యి పట్టుకుని పక్క దారిలోకి లాగారు. కాగితం పూల మొక్కలు రెండు తీశారు, ఒకటి ముదురు గులాబీ రంగు, ఒకటి తెలుపు. గోడ పక్కన ఎండలో పెట్టి, వేళ్లూనాక నీళ్లు తగ్గించమన్నారు. గన్నేరు తీసి, ఉప్పునేలలోనూ పూస్తుందనీ, ఆకూ కొమ్మా విషం కాబట్టి చిన్నపిల్లలొస్తే కనిపెట్టుకుని ఉండమనీ చెప్పారు. ఒక దేవగన్నేరు, కుండీకి ఒక ఎడారి గులాబీ; పేరుకే గులాబీ, మొదలు ఉబ్బెత్తుగా ఉండే అడీనియం. గుంటలో ఇసుక కలపమన్నారు. మల్లెలు కావాలంటే మేడ మీద వాననీళ్లు డ్రమ్ములో పట్టి అవే పొయ్యమన్నారు. ఏ మొక్క చూపించినా నేను ముందు అడిగింది ఒకటే: "మా నీళ్లకి ఉంటుందాండీ?" కొన్నిటికి తల ఊపారు, చాలావాటికి ముందుకు నడిచారు.

ఇంటికొచ్చి అత్తగారికి జరిగిందంతా చెప్పాను.

"అయితే పక్కింటావిడ పెట్టిన మందార కూడా అందుకే పోయిందంటావా?"

"అందుకే అత్తయ్యగారూ."

"అనవసరంగా నిన్నన్నానమ్మా" అన్నారు. నా చేతిలోంచి సంచి అందుకుని మొక్కలు ఒక్కొక్కటే బయటికి తీశారు. "గన్నేరు నువ్వే పెట్టు. పూజకి పూలొస్తాయి."

ఆ సాయంత్రం ఇద్దరం చీకటి పడేదాకా మట్టిలోనే ఉన్నాం.

వేసవి దాటేసరికి కాగితం పూలు గోడెక్కాయి. గన్నేరు పూయని రోజు లేదు. వానాకాలంలో మాత్రం ఎడారి గులాబీ పోయింది. కుండీ చూరు నీళ్ల కింద ఉండిపోయి, మొదలు మెత్తబడి కుళ్లింది. దాన్ని పీకి పారేస్తూ, వాన ఎక్కువైంది కాబోలు అనుకున్నాను, అంతే. సెలవు రోజున కడియం వెళ్లి ఇంకొకటి తెచ్చి, ఈసారి వరండా లోపల ఎండ తగిలే మూలన పెట్టాను.