సరస్వతక్క ఊదుగొట్టం

మా సరస్వతక్క వాకిట్లో నిలబడి ఎవరినన్నా పిలిస్తే ఊరి ఆ చివరనున్న మట్టెవాడ గాజుల దుకాణంలో గాజులు గలగలమనేవి. ఇది కల్పించి చెబుతున్నది కాదు. కల్పించదలుచుకుంటే పగిలిపోయేవనే చెప్పేవాణ్ణి. మూడో జమాతులోనే బడికి సలాం కొట్టినవాణ్ణి కనుక లెక్కల్లో నన్ను నమ్మకండి గాని, మనుషుల సంగతి నాకు వదిలేయండి.

అక్కది అంత గొప్ప ఊపిరి. పొయ్యి ముందు కూచుని ఇనుప ఊదుగొట్టం నోట పెట్టి ఒక్కసారి ఊదిందంటే తడిసిన తుమ్మకట్టె కూడా భగ్గున అంటుకునేది. ముసురు పట్టిన రోజుల్లో వాడకట్టు ఆడవాళ్ళంతా పిడక పట్టుకుని నిప్పుకోసం ఆమె గడపకే వచ్చేవారు.

అలాంటి మనిషికి ఉబ్బసం పట్టింది. చలి మొదలైతే చాలు, ఎంత ఊదినా పొయ్యిలో బూడిద కదిలేది కాదు. ప్రపంచమంతా కొట్టుకున్న పెద్ద లడాయి ముగిసిన యేడు చలికాలం ఆమెను తీసుకుపోయేట్టే కనిపించింది. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకునే తెల్లవార్చేది. హకీం సాబు నాడి చూసి, ఈ చలి ఇక్కడే గడిపితే ఇక తన మందుతో పనుండదన్నాడు. ఎండకాసే సముద్రం ఒడ్డుకు తీసుకుపొమ్మన్నాడు.

మా బావ పాండురంగం మిరపకాయల వ్యాపారి. అతనికి లోకమంతా మిరపబస్తాల లోంచే తెలుసు. పరాయి ఊరికి పోయిన వ్యాపారి తన సరుకు అమ్మిపెట్టే అడితిదారు ఇంట్లోనే దిగాలి, ఇంకోచోట దిగితే అతని మొహం మీద తలుపు వేసినట్టే. బందరులో బావకు ఒక అడితిదారున్నాడు, అతనికి మేడ ఉంది. కాబట్టి బందరే ఖాయమైంది.

తోడుగా నేనూ రైలెక్కాను. ఖమ్మంమెట్టు దాటాక కంబళి తీసేశాను, బెజవాడలో కోటు తీసేశాను, బందరులో చొక్కా తీసేశాను. రైలు ఇంకొంచెం ముందుకు పోయి ఉంటే నా మర్యాద సముద్రంలో కలిసేది.

అడితిదారు మమ్మల్ని చేతులు పట్టుకుని తీసుకుపోయాడు. మేడమీద గది నిజంగానే వెచ్చగా ఉంది. ఎందుకుండదు? కింద గోదాములో మిరపబస్తాలు కప్పుదాకా ఉన్నాయి. అక్క మూడో మెట్టు మీదే దగ్గుతో వంగిపోయింది. బావ మాత్రం గది మధ్య నిలబడి మురిసిపోతున్నాడు. మిరపఘాటులోనే పుట్టి పెరిగిన ముక్కు అది. ఏమిటి, ఎందుకు దగ్గుతోందని నిజంగానే నలుదిక్కులా చూశాడు.

నా కళ్ళవెంట నీళ్ళు ధారకట్టాయి. “బావా, అక్కకు ఇల్లు జూస్తానవా, పచ్చడి పెడ్తానవా?” అన్నాను.

అక్క గోడ పట్టుకుని కిందికి దిగింది. అరుగుమీద కూచుని బట్టల మూట విప్పి ఊదుగొట్టం బయటికి తీసింది. అంత దూరం దాన్ని మోసుకొచ్చిన సంగతి మా ఇద్దరికీ తెలియదు.

“ఏడ ఊదగల్గుతనో ఆడ్నే ఉంట,” అంది. “మేడల మీరుండుర్రి.”

అడితిదారు వంటింట్లో ఊదింది. బూడిద కూడా లేవలేదు. దగ్గర్లోని సత్రంలో ఊదింది. నీడపట్టు సత్రం, నేలంతా చెమ్మ. నిప్పు కాస్త ఎర్రబడి మళ్ళీ నల్లబడింది. ఇది చాలులెమ్మని బావ బతిమాలాడు. అక్క తల అడ్డంగా ఊపి జట్కా ఎక్కింది.

సముద్రం ఒడ్డున జట్కా ఆగింది. సముద్రం చూడటం నాకదే మొదలు. ఎన్ని అబద్ధాలాడినా దానంత పెద్దది నా నోట రాలేదు.

ఉప్పు మళ్ళలో పనిచేసే లక్ష్మి అనే ఆమె తాటాకు గుడిసె అక్కడుంది. అక్క ఆ వాకిట్లో, ఎండకు కాగిన ఇసుకలో, నడినెత్తికి పొద్దొచ్చేదాకా కదలకుండా కూచుంది. ఎవరు, ఏమిటని అడక్కుండానే లక్ష్మి మంచినీళ్ళిచ్చింది. ఎండ ఎక్కేకొద్దీ అక్క గొంతులో గురక సన్నగిల్లింది.

బావ జట్కా దగ్గరే నిలబడి నన్ను పిలిచాడు. “గీ గుడిసెల దిగితె అడితిదారుకు మొకమెట్ల చూపియ్యాలె? రేపు నా బస్తాలు దింపుకుంటడా?”

అప్పటికే అక్క ఆరుబయటి పొయ్యి ముందుకు జరిగింది. బూడిదలో ఒకటే నిప్పుకణిక. పైన సరుగుడు పుల్లలు. గొట్టం నోట పెట్టుకుని ఊపిరి పీల్చింది. ఆ పీల్చడం ఎంతకీ ఆగదే! ఎన్ని నెలల కరువో. తర్వాత ఊదింది.

మంట లేచింది. సముద్రంలో పడవలవాళ్ళు పట్టపగలే దీపస్తంభమనుకుని ఇటు తిప్పారు. సరే, పడవల సంగతి నమ్మకపోయినా ఫికర్ లేదు. మంట ముందు అక్క మొహం చూసి నా చేతులు వాటంతటవే జోడయ్యాయి, అది నమ్మండి.

బావ జట్కాలోంచి మూట తానే దించి, గుడిసె వాకిట్లో చెప్పులు విడిచాడు.

“అడితిదారుకు నేను చెప్పుకుంట తియ్,” అన్నాడు నాతో. “నువ్వు పోయి జర కట్టెలు చూడు.”