మరైగూడ వాగులో మేనమామ జీపు

మా అక్క ఫోన్‌లో పిలిచిన పిలుపులో బతిమాలటం ఏమీ లేదు. "దసరా పోయినంక వచ్చే ఆదివారం చిన్నికి ఓణీల ఫంక్షన్. దానికి మేనమామవి నువ్వొక్కడివే. బట్టలు నువ్వు పెట్టాలె, ఓణీ నువ్వే భుజాన వెయ్యాలె. డ్యూటీ పడిందని కథలు చెప్పకు" అని పెట్టేసింది. నాది కిరందుల్ ఇనుప గనిలో ఉద్యోగం, మా నాన్న చేసిందీ అక్కడే. అక్కను ఇచ్చింది తెలంగాణ సరిహద్దుకు ఆనుకుని ఉన్న మరైగూడలో, వ్యవసాయం చేసుకునే ఇంట్లో. బస్సులో వెళితే రెండు చోట్ల మారాలి, చివర కొంత నడవాలి, అమ్మ మోకాళ్ళు అందుకు ఒప్పుకోవు. అందుకని నాన్న వదిలి వెళ్ళిన పాత ఫోర్‌వీల్ డ్రైవ్ డీజిల్ జీపు తీశాను. నాన్న పోయాక ఆ బండిని అమ్మేద్దామని అన్నవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళకు మా ఇంట్లో రెండోసారి టీ దొరకలేదు.

తెల్లవారుజామున అయిదింటికి బయలుదేరాం. టౌన్‌షిప్ దాటి, బచేలి మీదుగా, ఖనిజం లారీల వెనక ఎర్ర దుమ్ము మింగుతూ దంతెవాడ చేరేసరికి బస్టాండు దగ్గర వేడి అటుకుల పోహా సిద్ధంగా ఉంది. అమ్మ దంతేశ్వరి దర్శనం చేసుకుందామంది. ఆ గుళ్ళోకి మగవాళ్ళు ధోతీ కట్టుకుంటేనే వెళ్ళనిస్తారు, మీరు వెళితే ఒకటి సంచిలో పెట్టుకోండి. నేను పెట్టుకోలేదు. అమ్మ ఒక్కతే వెళ్ళి దండం పెట్టుకొచ్చి, సుక్మా దాకా నా మీద సణుగుతూనే ఉంది. సుక్మా నుంచి కుంట వరకు దారి బాగుంది. కుంటలోనే డీజిల్ నింపుకోవటం మంచిది, ఆ తర్వాత బంకు దొరుకుతుందన్న నమ్మకం లేదు. రానూపోనూ డీజిల్‌కు మాకు నాలుగు వేల లోపే అయింది. పక్కన చిన్న హోటల్లో ఇడ్లీ తింటుంటే వంటాయన మేము వెళ్ళే ఊరు అడిగాడు.

"మరైగూడనా? మొన్నటి వానకు పెద్దవాగు మీద రపటా కొట్టుకపోయింది సార్. పక్కనుంచి దిగాలె. ట్రాక్టర్లు పోతున్నయి, కార్లు మాత్రం తిరిగొస్తున్నయి."

రపటా అంటే వాగు అడుగునే వేసిన సిమెంటు దారి. అది లేదంటే నీళ్ళలోకి దిగాల్సిందే. అమ్మ నా వైపు చూసింది. "మీ నాన్న దీన్ని ఎన్ని వాగులు దాటించలేదు?" అంది. నిజమే, నాన్న దాటించాడు. కాకపోతే అప్పుడు నేను పక్క సీట్లో కూర్చుని వేరుశెనక్కాయలు తినేవాణ్ణి.

వాగు దగ్గరకు వచ్చేసరికి పది దాటింది. ముహూర్తం పదకొండున్నరకి. ముందు నేను లుంగీ ఎగగట్టి నడిచి చూశాను. నీళ్ళు తొడల దాకా ఉన్నాయి, అడుగున గులకరాళ్ళు, బురద లేదు. దాటొచ్చు. బండిని నీడలో ఆపి ఇంజిన్‌ను కాసేపు చల్లారనిచ్చాను. బాగా కాగి ఉన్న ఇంజిన్‌ను అలాగే చన్నీళ్ళలో దింపితే ఇనుము పగిలే ప్రమాదం ఉంటుంది. రేడియేటర్ వెనక ఫ్యాన్ తిరుగుతుంటే నీళ్ళను చిలికి ఇంజిన్ మీద చల్లుతుంది కాబట్టి దాని బెల్టు తీసేశాను. గేర్‌బాక్సుకూ ఇరుసులకూ గాలి ఆడే సన్న గొట్టాలను పైకి లాగి బానెట్ కింద కట్టాను. ముందు జాలీకి అడ్డంగా తార్పాలిన్ బిగించాను. దాని పని ఏమిటంటే, బండి నెమ్మదిగా, ఒకే వేగంతో కదిలినంతసేపు నీళ్ళు ముందుకు అలలా నెట్టుకుపోతాయి, వెనక ఇంజిన్ దగ్గర మట్టం తగ్గుతుంది. ఆపకూడదు, తొందరపడకూడదు. ఇదంతా నేను అమ్మకు చెప్పాను. వింటున్నట్టే తల ఊపింది. నిజానికి ఆవిడ కొంగు ముడి విప్పుకుంటోంది.

లో గేరులో దిగాం. తార్పాలిన్ ముందు నీళ్ళు చక్కగా అలలా లేచాయి. సగం దాటాం. నాన్న చూస్తే బాగుండునని మనసులో అనుకుంటున్నాను. సరిగ్గా అప్పుడే, నడి వాగులో, అమ్మ గట్టిగా అరిచింది. "ఆపురా, ఆపు! గంగమ్మకు పసుపు కుంకుమ వెయ్యకుండా ఎట్ల పోతవ్?"

అమ్మ ఆపమంటే ఆగటం నా కాళ్ళకు పుట్టినప్పటి నుంచీ ఉన్న అలవాటు. బుర్రకు తెలిసేలోపే యాక్సిలరేటర్ మీంచి పాదం లేచింది. ముందుకు పోతున్న అల వెనక్కి తిరిగి బానెట్ మీదుగా దూకింది. ఇంజిన్ ఒకసారి గుటక వేసినట్టు కుదుపిచ్చి ఆగిపోయింది. అమ్మ చేతిలోని పసుపు కుంకుమలు మాత్రం భక్తిగా నీళ్ళలో పడ్డాయి.

అవతలి గట్టున బట్టలు ఉతుకుతున్నవాళ్ళూ, చేపలు పట్టేవాళ్ళూ పోగయ్యారు. "సెల్ఫ్ మారో భయ్యా, సెల్ఫ్ మారో!" అని ఒకరు. "తాళం తిప్పు సార్, లేస్తది" అని ఇంకొకరు. నా చెయ్యి కూడా తాళం దగ్గరకు వెళ్ళింది. కానీ గాలి ఫిల్టరులోంచి నీళ్ళు సిలిండర్లలోకి చేరి ఉంటే, తాళం తిప్పగానే పిస్టన్లు ఆ నీళ్ళను నొక్కుతాయి. గాలి నలుగుతుంది గానీ నీళ్ళు నలగవు, ఇంజిన్ లోపలి కడ్డీలే వంగిపోతాయి. ఇక ఆ ఇంజిన్‌ను తూకానికి అమ్ముకోవటమే. నేను తాళం తీసి చొక్కా జేబులో వేసుకున్నాను.

"ఏందిరా, తిప్పవేంది?" అంది అమ్మ.

"తిప్పితే బండి పోతుందమ్మా."

"ముహూర్తం పోతుంది ఇక్కడ! పిల్ల పీట మీద కూసుని నీకోసం చూస్తుంటది. నీకు ఈ బండే ముద్దా? నీ మేనకోడలు కాదా?"

ఆ మాట నాకు బాగా తగిలింది. ఆపమన్నది ఎవరని అడగాలనిపించింది. తిరిగి చూస్తే, అమ్మ ఓణీ, పరికిణీ ఉన్న పళ్ళేన్ని తడవకుండా రెండు చేతులతో తల మీద పట్టుకుని, కళ్ళలో నీళ్ళు కుక్కుకుని కూర్చుంది. ఆపమన్నది తనే అని ఆవిడకు నాకంటే బాగా తెలుసు.

ఫోన్ అందదు అక్కడ. మరైగూడ వైపు సైకిల్ మీద పోతున్న ఒక పెద్దాయన్ని పిలిచి, ఫలానా ఇంట్లో చెప్పమన్నాను. ఆయన అక్కడి ఆదివాసీల దోర్లీ భాషలో ఏదో అనుకుని, నవ్వి, తెలుగులోకి వచ్చాడు. "ఫంక్షన్ ఇంటికేనా? నేనూ అక్కడికే పోతున్న. మేనమామ వాగుల కూసున్నడని చెప్త" అన్నాడు. అంత సూటిగా చెప్పక్కర్లేదనబోయాను, అప్పటికే వెళ్ళిపోయాడు.

మేమిద్దరం బండిలోనే కూర్చున్నాం. ఊరు అక్కడికి ట్రాక్టర్ మీద అరగంట దారి. ట్రాక్టర్ వచ్చి మమ్మల్ని తీసుకెళ్ళినా పదకొండున్నర దాటిపోతుంది. అమ్మ మాటిమాటికీ ఎండ వైపు చూస్తోంది. అక్క చిన్నప్పుడు నన్ను చంకనేసుకుని తిప్పిన రోజులు గుర్తొచ్చాయి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి తిప్పి చూద్దామా అని జేబులో చెయ్యి పెట్టాను కూడా.

అప్పుడు డోలు వినిపించింది. చెట్ల మధ్య నుంచి బావ ట్రాక్టర్ వచ్చింది. ట్రాలీ నిండా జనం, పీట, అరటి పిలకలు, పంతులుగారు, వాళ్ళ మధ్యలో నగలు పెట్టుకుని చిన్ని. అక్క అత్తగారు ట్రాలీలోంచే అరిచింది. "మేనమామ రాలేకపోతె ఏంది, పిల్లనే తెచ్చినం! దిగి రా అయ్యా, టైమయితున్నది!"

బావ నీళ్ళలోకి దిగి అమ్మను చెయ్యి పట్టి గట్టుకు చేర్చాడు. నేను పళ్ళెం నెత్తిన పెట్టుకుని నడిచాను. నలుగురు ఆడవాళ్ళు చీరలు అడ్డం పట్టారు, చిన్ని పరికిణీ కట్టుకుని వచ్చింది. తడి లుంగీతో, కాళ్ళకు ఇసుకతో, నేను దాని భుజాన ఓణీ వేశాను. చేపలు పట్టేవాళ్ళు కూడా అక్షింతలు వేశారు. చిన్ని నా చెవిలో "నీ వల్ల ట్రాక్టర్ ఊరేగింపు దొరికింది మామా" అంది. అక్క నన్ను తిట్టబోయి ఏడ్చేసింది, నేనూ ఏడ్చాను.

ఆ తర్వాత జీపును గొలుసుతో లాగించాం. అది న్యూట్రల్‌లో ఉందని రెండుసార్లు చూసుకున్నాను, ఎందుకంటే గేరులో ఉండగా లాగితే చక్రాలు ఇంజిన్‌ను తిప్పుతాయి, తాళం తిప్పినట్టే లెక్క. ఊరికి చేరాక ఫిల్టర్ డబ్బా విప్పితే నిండా వాగు నీళ్ళే. మర్నాడు కుంట నుంచి వచ్చిన మెకానిక్ సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే ఇంజెక్టర్లు ఊడదీసి, ఇంజిన్‌ను ఉత్తినే తిప్పాడు. అవి ఉన్న బెజ్జాల్లోంచి నీళ్ళు ఎగజిమ్మి బావ కొత్త లుంగీని తడిపేశాయి. ఇంజిన్ ఆయిల్ పాలు పోసిన టీ రంగులో ఉంది, అంటే అందులోనూ నీళ్ళు చేరాయన్నమాట. రెండుసార్లు మార్చాం. సాయంత్రానికి జీపు నల్లటి పొగ వదిలి, దగ్గి, పలికింది.

అమ్మ వచ్చి బానెట్ మీద చెయ్యి వేసి నిలబడింది. "నిన్న నిన్ను అనరాని మాట అన్న. నీకు బండి ముద్దు కాదు, నాకు తెలుసు" అంది. "బండి కూడా ముద్దేనమ్మా" అన్నాను. "నాకు మటుకు కాదా?" అని కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఈ దారిలో వాన వెలిసిన నెలల్లో వచ్చేవాళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. నీళ్ళలో ఇంజిన్ ఆగిపోతే, గట్టున ఎంతమంది అరిచినా, పక్కన ఎవరు ఏడ్చినా, తాళం తిప్పకండి. తీసి జేబులో వేసుకుని, ముందు ఊరికి వెళ్ళే ఎవరిచేతనైనా కబురు పంపండి. వేళ దాటితే అంతా అయిపోతుందని ఆ గంటసేపు నేను భయపడ్డాను. నేను లేకుండా ఆ వేడుక మొదలుపెట్టాలన్న ఆలోచన మాత్రం అక్కడ ఒక్కరికీ రాలేదట.