అంచు లేని నలుపు

బాపుకు వచ్చింది గుండెపోటేనని రక్తపరీక్షలో తేలింది. యాంజియోగ్రామ్‌లో మాత్రం పెద్ద అడ్డేమీ కనిపించలేదు. అదే మా కొంప ముంచింది. "చిన్న బ్లాకే" అన్న మాట చెవిన పడగానే బాపు మా ఊరు చిన్న మంగళారం వచ్చేసి, మందుల సంచి ముట్టకుండా మేకుకు తగిలించి, క్యారెట్ చేనికి పోయాడు. పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ "ఉత్త గ్యాసే" అని చెప్పాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఎందుకంటే అలాంటి అడ్డుల లోపల ఏముందో చూడటమే అప్పట్లో నా ఉద్యోగం. అద్దాల ఆఫీసులు పుట్టగొడుగుల్లా లేస్తున్న రోజులు. మొయినాబాద్‌లో బస్సెక్కి గచ్చిబౌలి పోయి, పొద్దంతా గుండె రక్తనాళాల లోపలి బొమ్మలు చూసేదాన్ని. సన్నటి తీగను నాళంలోకి పంపి, దాని కొస నుంచి కంటికి ఆనని వెలుగును గోడల మీద వేస్తారు. తిరిగొచ్చిన వెలుగుతో బొమ్మ తయారవుతుంది. యాంజియోగ్రామ్ రక్తం పారే దారిని చూపిస్తే, ఇది గోడలో ఏం దాగి ఉందో చూపిస్తుంది. ఏది కొవ్వో, ఏది కాల్షియమో మేం గీతలు గీసి పెడితే, వాటిని చూసి కంప్యూటర్ నేర్చుకోవాలి.

అక్కడ నేనొక తప్పు చేశాను. బొమ్మలో రెండూ నల్లగానే ఉంటాయి. కాల్షియం గడ్డకు చుట్టూ అంచు స్పష్టంగా కనిపిస్తుంది. కొవ్వు వెలుగును మింగేస్తుంది కాబట్టి వెనక అంచు కనిపించదు. కాని మా సాఫ్ట్‌వేర్‌లో గీత చుట్టూ తిరిగొచ్చి కలిస్తేనే బొమ్మ పూర్తయినట్టు పచ్చరంగు వెలిగేది. ఆ పచ్చరంగు కోసం లేని అంచును నేనే గీశాను. గీత నున్నగా ఉందని మెచ్చుకున్నారు కూడా. అంచు ఉంది కదా అని కంప్యూటర్ ఆ కొవ్వునంతా కాల్షియం అనుకుంది. కాల్షియం గట్టిపడి కదలకుండా ఉంటుంది, చిట్లి ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా కొవ్వే.

పని చూడ్డానికి వచ్చిన డాక్టరమ్మ ఒక బొమ్మ దగ్గర ఆగి, "ఈ అంచు నీకెక్కడ కనిపించిందమ్మా?" అని అడిగింది. తల కొట్టేసినట్టయింది. "ఇకనుంచి సరిగ్గా చేద్దాం, పాతవి వదిలెయ్" అన్నాడు మా టీమ్ లీడర్. నేను వదల్లేదు. నా చేతిమీదుగా పోయిన బొమ్మలన్నీ ఒక్కొక్కటే తెరిచి ఆ గీతలు చెరపసాగాను. ఆ పని సగంలో ఉండగానే బాపు దవాఖాన పాలయ్యాడు.

ఆ వెలుగు తీగతోనే ఒకసారి లోపల చూద్దామని బాపును చూసిన డాక్టరే అన్నాడు. బాపు మొండికేశాడు.

"చిన్నదే అన్నరు గద బిడ్డా, మళ్ల తీగలెందుకు?"

"చేవెళ్ల మార్కెట్ల సేటు నీ కందుల బస్తా పైపైన చూసి తీసుకుంటడా బాపు? గొట్టం గుచ్చి లోపలి గింజ తీసి చూస్తడు గద. గా బస్తాకున్న ఇజ్జత్ నీ గుండెకు లేదా?"

బాపుకు నవ్వొచ్చింది గాని ఒప్పుకోలేదు. నేను ఆఫీసుకు సెలవు పెట్టి చేనుగట్టు మీద కూర్చున్నాను. నేను ఆయన బిడ్డనే కదా, మొండితనం ఎక్కడికి పోతుంది? మూడో రోజు దిగొచ్చాడు.

"సరే, పోదాం. గని నువ్వే చూడాలె. నువ్వు ఏం లేదంటే మళ్ల గా గోలీల మాటెత్తద్దు."

దవాఖానలో బాపును పడుకోబెట్టిన గది అద్దానికి ఇవతల, తెర ముందు నన్ను కూర్చోనిచ్చాడు డాక్టర్. బొమ్మలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. ఒకచోట గోడలో నలుపు. దాని మీద సన్నటి పొర, ఒక పక్క చిట్లి ఉంది. వెనక అంచు లేదు. అలవాటుకొద్దీ నా వేలు బల్ల మీద సున్నా చుట్టబోయింది. వేలు ముడుచుకున్నాను. భయమేసింది. కాల్షియమే, పాతదే, ఫికర్ లేదు అని చెప్పేస్తే ఎంత హాయి అనిపించిన మాట నిజం.

బయటికి తెచ్చాక, డాక్టర్ నోరు తెరవకముందే బాపు నన్నడిగాడు.

"ఏమున్నది బిడ్డా?"

"కొవ్వున్నది బాపు. మీది పొర చిట్లింది, గందుకే పోటొచ్చింది. మళ్ల చిట్లొచ్చు."

"ఎంతున్నది?"

కళ్లనీళ్లు ఆగలేదు. "వెనక ఎంతున్నదో కనిపిస్తలేదు బాపు. తెల్వదు."



"తెల్వదన్నవు గద, గందుకే నమ్ముతున్న. ఏదీ, గోలి ఇయ్యి" అని బాపు చెయ్యి చాపాడు.