ఇప్పలవాగు సిస్టరమ్మ

మా సిస్టరమ్మ పోయింది. మొన్న పొద్దున నేను గడ్డం గీసుకుంటుంటే ఇప్పలవాగు సాయన్న వచ్చి గడప అవతలే నిలబడ్డాడు. కూరగాయలమ్మడానికి ఆర్మూర్ వచ్చినప్పుడల్లా ముందు ఆమె ఇంటికి వెళ్లి ఒక కట్ట ఆకుకూర ఇచ్చి పోవడం అతని అలవాటు. "ఎంత పిలిచినా తలుపు తీయలే సారూ. పక్కింటోళ్లు తీసి చూసిండ్రు. నిద్రల్నే పోయింది" అన్నాడు. ఆకుకూర కట్ట ఇంకా అతని చేతిలోనే ఉంది.

ఆమె ప్రభుత్వ నర్సు. ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్లలో ఇరవై ఏళ్లకు పైగా కాన్పులు చేసింది. అందరూ సిస్టరమ్మ అనే పిలిచేవారు. నేను మొదట సిస్టర్ అనేవాణ్ణి, తర్వాత అక్కా అన్నాను. ఆమె ముందు నన్ను సారూ అనేది, తర్వాత తమ్మీ అంది. ఆ పిలుపులను మార్చినవి నాలుగు రోజులు. వాటి గురించి నేను ఇంతవరకు ఎక్కడా చెప్పలేదు. ఇప్పుడు చెప్పకపోతే అన్యాయం.

ఇప్పలవాగు అంటే ఒక వాగు. గుట్టల్లో పుట్టి పొలాల మధ్య నుంచి పోయి గోదావరిలో కలుస్తుంది. ఆ వాగు మలుపులో ముప్పై నాలుగు ఇళ్ల ఊరు ఒకటుంది. దాని పేరు కూడా ఇప్పలవాగే. మూడు పక్కలా వాగు, నాలుగో పక్క నున్నటి బండల గుట్ట. మా వైపు గోదావరిని గంగ అంటారు, ఇంటికొక గంగారాం, గంగమణి ఉంటారు. నీటి పేరు మనుషులు పెట్టుకోవడం ఇక్కడ ఎవరికీ వింత కాదు. ఆఫీసు కాగితాల్లోకి వచ్చేసరికే అది ఉచ్చులా బిగుసుకుంది.

మండలాలు కొత్తగా ఏర్పడిన రోజులవి. నేను మండల ఆఫీసులో ఒక చిన్న గుమాస్తాను. రేషన్ దుకాణం కావాలని ఇప్పలవాగు నుంచి దరఖాస్తు వచ్చింది. మ్యాపులో చూస్తే ఆ పేరుతో వాగు గీత ఉంది, ఊరి చుక్క లేదు. "ఇప్పలవాగు అనునది వాగు. గ్రామము కాదు" అని రాసి తిప్పి పంపాను. వాగుకు బియ్యం ఎందుకని పక్క సీటు ఆయనతో నవ్వాను కూడా. తర్వాత వంతెన కోసం ఇంకో దరఖాస్తు వచ్చింది. "ఇప్పలవాగుపై ఇదివరకే వంతెన కలదు" అని రాశాను. ఆ వంతెన ఎంతో కిందికి, పెద్ద రోడ్డు మీద ఉంది. ఆ సంగతి నాకు తెలుసు.

ఆ రెండు కాగితాలు పట్టుకుని ఒక మధ్యాహ్నం ఆమె మా ఆఫీసుకు వచ్చింది. భుజాన సంచి, చేతిలో గొడుగు.

"గివి రాసింది మీరేనా సారూ?"

"అవునమ్మా. మ్యాపుల ఊరు లేదు."

"ఊరు లేకపోతే నేను గాడ చేసిన కాన్పులు ఏడ చేసినట్టు? నీళ్లలనా?"

నేను ఫైలు తిరగేస్తున్నట్టు నటించాను. ఆమె కదల్లేదు. "రేపు నాతోని రాండ్రి. ఉన్నదో లేదో మీ కండ్లతోని చూసి రాయుండ్రి" అంది. ఆమె నోరు మూయించడానికే మర్నాడు బయల్దేరాను. సాయంత్రానికి ఇల్లు చేరొచ్చనుకున్నాను.

వాగు మోకాలి లోతుంది. ఆమె చీర ఎగదోపుకుని సంచి నెత్తిన పెట్టుకుని ముందు నడిచింది. నేను నీళ్లలోకే చూస్తూ ఆగిపోతే, "నీళ్లను చూడకుండ్రి, ఒడ్డును చూడుండ్రి" అంది. మేం ఊళ్లోకి వెళ్లిన కాసేపటికే గుట్టల మీద వాన పట్టుకుంది. మధ్యాహ్నానికి వాగు ఎర్రగా, నిండుగా, ఇంత చప్పుడుతో వచ్చింది. ఊరి పెద్దమనిషి చూసి, బస్సు ఎప్పుడొస్తుందో చెప్పినంత మామూలుగా చెప్పాడు. "ఇగ మూడు దినాలో నాలుగు దినాలో. గంతే సారూ."

నేను ఆ ఊరిని ఎన్నిసార్లు చుట్టానో. ఏ పక్కకు పోయినా నీళ్లే. గుట్ట ఎక్కబోతే బండ మీద పాచి కాలు నిలవనియ్యలేదు. ఆడవాళ్లు అరుగుల మీద కూర్చుని బీడీలు చుట్టుకుంటున్నారు. ఎవరి ముఖంలోనూ భయం లేదు. వాళ్లకు అది అలవాటైపోయిందన్న సంగతే నాకు ఊపిరాడనివ్వలేదు. నేను రెండు వాక్యాల్లో కాదని రాసిన ఊరు చుట్టూ ఉంది, నేను మధ్యలో ఉన్నాను.

సిస్టరమ్మ నన్ను ఊరికే కూర్చోనివ్వలేదు. ఇల్లిల్లూ తిప్పి పేర్లు రాయించింది. నేను ఫలానా వాని భార్య అని రాస్తుంటే చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆమెకు పేరు లేదా? అడిగి రాయుండ్రి." ఏ ఇంటికి వెళ్లినా ఆమెది అదే పద్ధతి. ముందు ఆడమనిషి పేరు, తర్వాతే మిగతా మాట.

రెండో రోజు గంగమణికి నెలలు నిండకముందే నొప్పులొచ్చాయి. ఆమె సాయన్న భార్య. సాయన్న అప్పుడు దుబాయిలో ఉన్నాడు. మధ్యాహ్నం ఆడపిల్ల పుట్టింది. పిల్ల గట్టిగానే ఏడ్చింది. తల్లికి మాత్రం రక్తం ఆగలేదు. సిస్టరమ్మ సంచిలో ఉన్న సూదిమందు అయిపోయింది. మొగవాళ్లు మంచానికి తాళ్లు కట్టి వాగు దాటించాలని ముందుగా ఒకణ్ణి దింపారు. ప్రవాహం అతణ్ణి లాగేస్తే తాడు పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చారు. అవతలి గట్టున ఎవరో జీపు తెచ్చి నిలబెట్టారు. దాని రంగు కూడా కనపడుతోంది. అంత దగ్గర.

సిస్టరమ్మ గంగమణి పొత్తికడుపు మీద పిడికిలితో నొక్కి పట్టుకుని కూర్చుంది. చేతులు మారుస్తూ గంటల తరబడి అలాగే ఉంది. మంచం కాళ్ల వైపు ఇటుకలు పెట్టమంది, పెట్టాను. బట్టలు మడిచి ఇమ్మంది, ఇచ్చాను. నన్ను తమ్మీ అని మొదట పిలిచింది అప్పుడే. మూడో రోజు పొద్దున గంగమణి కళ్లు తెరిచింది.

"సిస్టరమ్మా, వాగు తగ్గిందా?"

"తగ్గుతున్నది బిడ్డా."

అప్పుడు వాగు గట్టు మీదికి ఎక్కుతోంది. పది గంటలకు గంగమణి చనిపోయింది. ఆ మర్నాడు సాయంత్రం మేం వాగు దాటాం. జీపు ఎప్పుడో వెళ్లిపోయింది.

కొన్నాళ్లకు పైనుంచి నా బల్ల మీదికే ఒక కాగితం వచ్చింది. సిస్టరమ్మ రిజిస్టరులో గంగమణి చనిపోయిన చోటు అన్న దగ్గర ఇప్పలవాగు అని ఉంది. "మృతురాలు వాగులో మునిగి మరణించినదా? వివరణ పంపవలెను" అని అడిగారు. దాన్ని ఆమె ఇంటికి తీసుకెళ్లాను. చదివి, కళ్లద్దాలు తీసి కాగితం నాకే తిరిగి ఇచ్చింది.

"నువ్వే రాయాలె తమ్మీ. నువ్వు చూసినవ్ గద."

ఇప్పలవాగు ఒక ఊరనీ, గంగమణి తన ఇంట్లో కాన్పయ్యాక చనిపోయిందనీ, అప్పుడు నేను అక్కడే ఉన్నాననీ, అంతకుముందు నేను రాసిన రెండు మాటలూ తప్పనీ రాశాను. పైవాళ్లు చీవాట్లు పెట్టారు. పడ్డాను.

ఆ తర్వాత కూడా ఊరిని ఊరని ఒప్పుకోవడానికి ఏళ్లు పట్టింది. ఒక అధికారి, పేరు మార్చుకుంటే చిక్కే ఉండదు కదా అన్నాడు. అడగడానికి నేనూ సిస్టరమ్మా ఊరికి వెళ్లాం. గంగమణి అత్త మనవరాలికి బువ్వ తినిపిస్తూ విన్నది. "వాగు ఎండకాలం ఉండదు సారూ. మేం ఎండకాలం గూడ ఉంటం. పేరు మార్చుకునుడుంటే వాగునే మార్చుకోమనుండ్రి" అంది. సిస్టరమ్మ నవ్వింది. గంగమణి పోయాక ఆమె నవ్వడం నేను చూసింది అప్పుడే.

సాయన్న పాస్‌పోర్టు పనిచ్చినవాడి దగ్గర ఉండిపోయి, ఏడాది దాటాక గానీ రాలేకపోయాడు. వచ్చిన మూడో రోజు సిస్టరమ్మ ఇంటికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. గొడవ పడతాడేమో అనుకున్నాను.

"సిస్టరమ్మా, ఆఖరికి ఏమన్న అడిగిందా?"

"వాగు తగ్గిందా అని అడిగింది. తగ్గుతున్నదని అబద్ధం చెప్పిన సాయన్నా."

అతను టీ గ్లాసు కింద పెట్టేశాడు. టీ చల్లారిపోయింది. లేచేటప్పుడు మాత్రం, "మంచిగ చెప్పినవ్" అన్నాడు.

ఊరి పేరు కాగితాల్లోకి ఎక్కింది. రేషన్ దుకాణం వచ్చింది. చివరికి వాగు మీద ఎత్తు తక్కువ వంతెన లాంటి చిన్న కాజ్‌వే కూడా వేశారు. గట్టి వాన పడితే అదీ మునుగుతుంది, ఊరు ఇప్పటికీ ఏటా కొన్ని రోజులు లోపలే ఉండిపోతుంది. అన్నీ బాగయ్యాయని రాయడం నాకిష్టం లేదు.

సిస్టరమ్మ కూడా బయటపడలేదు. నిజామాబాద్‌లో చెల్లెలి ఇంటి దగ్గరికి బదిలీ రెండుసార్లు వచ్చింది, రెండుసార్లూ వద్దంది. వానాకాలంలో ఇప్పలవాగులో ఎవరికైనా నెలలు నిండుతున్నాయంటే, వాగు రాకముందే సంచి సర్దుకుని వెళ్లి కాన్పు అయ్యేదాకా అక్కడే ఉండేది. ఎందుకక్కా ఇంత, అని ఒకసారి అడిగాను. అప్పుడు వాన మొదలైంది. ఆమె కిటికీ దగ్గర నిలబడి ఉంది.

"ఆ నాలుగు దినాలల్ల నుంచి నేనింక బయటికి రాలె తమ్మీ. ఎట్లయినా లోపలనే ఉన్న గద, పనన్న చేస్త" అంది. గంగమణి తర్వాత ఆ ఊళ్లో కాన్పులో ఏ తల్లీ చనిపోలేదు. ఆ మాట ఆమె ఎన్నడూ తనంతట తాను చెప్పుకోలేదు.

మొన్న సాయంత్రం సమాధుల తోటకు ఇప్పలవాగు ఆడవాళ్లందరూ వచ్చారు. పసుపు ఉడకబెట్టే రోజులు. కబురు అందగానే పొయ్యిల దగ్గరి నుంచి లేచి చేతులైనా కడుక్కోకుండా అట్లాగే వచ్చేశారు. పాస్టరు ప్రార్థన ముగించాక ఒక్కొక్కరే ముందుకు వచ్చి పెట్టె మీద చెయ్యి వేసి, తమ పేరు మెల్లగా చెప్పి పక్కకు తప్పుకున్నారు. పెట్టెను గుంతలోకి దించుతుంటే చూశాను. పైన కప్పిన తెల్లటి బట్ట నిండా పచ్చటి వేళ్ల గుర్తులున్నాయి.