మైకులో మన్నించిన మహానుభావుడు

పాపం చేసి పరువు పోగొట్టుకున్నవాళ్లు లోకంలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం పుణ్యం చేయబోయి పోగొట్టుకున్నాను. అదీ ఊరంతా వినేలా, మైకులో. ఎలాగో చెబుతాను, నవ్వుకోండి. మా అమ్మ ఇప్పటికీ నవ్వుతూనే ఉంది.

అప్పటికి నాకు ఇరవై దాటాయి. విశాఖలో యువజన కూటాలకు వెళ్లి, అరకు పక్కన కొండమీదున్న మా ఊరికి తిరిగొచ్చాను. అక్కడ ప్రసంగం చేసినాయన, "ఎదుటివాణ్ణి క్షమించకుండా ప్రార్థన చేస్తే అది ఇంటి కప్పు కూడా దాటదు" అన్నారు. ఆ మాట చెవిలో జోరీగలా దూరింది. కూర్చోనివ్వదు, నిలబడనివ్వదు. అర్జెంటుగా ఎవరినో ఒకరిని క్షమించాలి. చిక్కేమిటంటే, నాకు అన్యాయం చేసినవాళ్లు ఒక్కరూ దొరకలేదు. కాఫీ తోటల్లో తిరిగాను, సంతలో తిరిగాను. అందరూ నవ్వుతూ పలకరించేవాళ్లే. ఇంత మంచి ఊళ్లో పుడితే క్రైస్తవుడు ఆత్మీయంగా ఎలా ఎదుగుతాడు, మీరే చెప్పండి.

అలా కాలుగాలిన పిల్లిలా తిరుగుతుండగా మా పెరటి పనసచెట్టు కనిపించింది. నేను ఊరెళ్లేముందు కన్నేసి ఉంచిన కాయ లేదు. పక్కింటి సుక్రత్త వాకిట్లో మేక పనస తొక్కలు నములుతోంది. కోపం రావాల్సింది పోయి నాకు ప్రాణం లేచొచ్చింది. హమ్మయ్య, శత్రువు దొరికింది. అమ్మనొక్క మాట అడిగి ఉంటే ఈ కథే లేదు. కానీ అడిగితే అనుమానం తీరిపోతుందేమోనని భయం.

ఆదివారం గుడిలో సాక్ష్యాల వేళ అందరికన్నా ముందు లేచి మైకు అందుకున్నాను. మా గుడి మైకులో దగ్గితే అవతలి కొండవాళ్లు మందు పంపిస్తారు.

"సుక్రత్త మా పనసకాయ చెప్పకుండా కోసుకుపోయింది. అయినా ఆమెను నేను పూర్తిగా క్షమించేశాను" అని విశాఖలో నేర్చుకొచ్చిన ప్రసంగాల భాషలో ప్రకటించి, కళ్లు మూసుకున్నాను.

ఒక్క హల్లెలూయా వినపడలేదు. కళ్లు తెరిస్తే అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఉంది. ఆనందం పట్టలేక ఏడుస్తోందనుకుని పొంగిపోయాను. అత్త మొగుడు సోంబరి మామ లేచి నిలబడ్డాడు.

"అయితే మొన్న నాను తిన్నది దొంగ కూరేటి?"

"మీరూ క్షమించాలి మామా" అన్నాను, అదీ మైకులోనే.

సుక్రత్త ఆరోజు గుడికి రాలేదు. వాన తెరిపిచ్చిందని చోడి చేనులో, అదే రాగి చేనులో, కలుపు తీస్తోంది. తన పాపాన్నీ, తన విమోచననూ ఆమె నడుం వంచి అక్కడే వింది. కాసేపట్లో మోకాళ్లదాకా బురదతో, చేతిలో కలుపు తవ్వే గొప్పుతో గుడి గుమ్మంలో ప్రత్యక్షమైంది.

"ఓరి దానేలూ, నన్ను సెమించీసినావట. ఏటి సేసినానని?"

"అదే, పనసకాయ..."

"ఏ పనసకాయి? మీ యమ్మ నా సేతిలో ఎట్టిన పనసకాయా?"

అమ్మ వైపు చూశాను.

"నువ్వు ఇసాపట్నంలో పాటలు పాడతన్నప్పుడు నాకు జొరమొచ్చిందిరా" అంది అమ్మ. "మంచం దిగలేకపోనాను. మీ అత్తే అంబలి కాసి పోసింది, ఆటో ఎక్కించి ఆస్పత్రికి తీసుకెళ్లింది. నువ్వు కంగారు పడతావని సెప్పలేదు. లేసి తిరిగినాక ఆ కాయి నానే కోసిచ్చినాను."

తప్పు లేదు, తగువు లేదు, క్షమాపణ మాత్రం తయారు. పాస్టరుగారు నా చేతిలోంచి మైకు మెల్లగా లాక్కుని, "ఇప్పుడు ఎవరు ఎవర్ని క్షమించాలి బాబూ?" అన్నారు.

విశాఖ భాష ఎటు పోయిందో, "అత్తా, తప్పయిపోనాది. నన్ను సెమించు" అన్నాను.

"సూత్తాను" అని ఆమె వెనక్కి తిరిగి చేను దారి పట్టింది.

తిట్టినా బాగుండేది. తెల్లచొక్కాతోనే వెంటపడ్డాను. గట్టు మీదికి చేరాక అత్త గొప్పు నా చేతికిచ్చి, తను నీడన కూర్చుంది. నేను వంగాను. కొంత తవ్వి తలెత్తాను.

"సెమించినావా అత్తా?"

"ఆ మూల ఉండిపోనాది సూడు."

మూల అయింది. "ఇప్పుడో?"

"గట్టు పక్కంతా గడ్డే."

చొక్కా నేల రంగుకొచ్చింది, నడుం ఎప్పుడో విరిగింది. అంతకన్నా లోపలి కలత నన్ను ఎక్కువగా తినేసింది. నేను దూరాన ఉండగా మా అమ్మను బతికించిన మనిషిని ఊరందరి ముందు దొంగను చేశాను. రేపు ఏ మొహంతో ఆ వాకిట్లోకి వెళ్లను? మళ్లీ జ్వరమొస్తే అమ్మ ఎవర్ని పిలవాలి?

పొద్దు వాలేసరికి చేనులో కలుపు లేదు, నాలో ఓపిక లేదు. ఎదురుగా నిలబడి ఏడుపు గొంతుతో అడిగాను.

"ఇప్పుడైనా సెమిత్తావా అత్తా?"

"ఎప్పుడో సెమించీసినానురా. గుడిలో నువ్వడిగినప్పుడే."

"మరి అప్పుడే సెప్పలేదేటి?"

"సెప్తే ఎలిపోదువు. కలుపు ఎవుడు తీత్తాడు?"

కనుక పాఠకులారా, ఇంకా పూర్తిగా నిటారు కాని నా నడుం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరినైనా క్షమించాలని బుద్ధి పుడితే ముందు మా అమ్మను కనుక్కుంటాను. ఆ తర్వాత నోరు మూసుకుని క్షమిస్తాను. నేనే క్షమాపణ అడగాల్సి వస్తే మాత్రం, ఎంత ఘోరం చేసినా సరే, కలుపుల కాలం దాటాకే అడుగుతాను.