మాస్టారి పాఠం తెరుచుకోని రోజు

మొన్న సోమవారం పొద్దున మా లెక్కల మాస్టారు పోయారు. నూజెండ్ల నుంచి ఆయన తమ్ముడు ఫోన్ చేసి, "నిద్దట్లోనే పోయాడయ్యా, చానా తేలిగ్గా పోయాడు" అన్నాడు. నరసరావుపేటలో నా కంప్యూటర్ షాపు షట్టరు ఎత్తబోతూ అక్కడే మెట్టు మీద కూలబడ్డాను. ఆయన మంచితనం గురించి చెప్పుకోవాలంటే నా సిగ్గు కూడా చెప్పుకోక తప్పదు.

మాస్టారి క్లాసులో ఆలస్యంగా వచ్చినవాడికి దెబ్బలుండేవి కావు. గుమ్మంలో నీడ కనబడితే చాలు, బోర్డు మీంచి తల తిప్పకుండానే, "తలుపు దగ్గర నిలబడొద్దురా, లోపలికి రా. జరిగితే చోటదే వస్తది" అనేవారు. బెంచీ నిండా ఉన్నా ఇంకొకడు ఇరుక్కునేవాడు. బర్రెల్ని తోలి వచ్చేసరికి నాకు రోజూ సగం పాఠం అయిపోయేది. అలాంటివాడికి లెక్కలొచ్చాయంటే ఆ పిలుపు వల్లే.

రిటైరయ్యాక పదో తరగతి లెక్కలన్నీ నా షాపులో నల్లబోర్డు పెట్టించుకుని రికార్డు చేశారు. వీడియో యాప్‌లో పెడదామంటే, మధ్యలో చీరల ప్రకటన వస్తే పిల్లలు సిద్ధాంతం వదిలేసి చీర చూస్తారని ఒప్పుకోలేదు. సొంత వెబ్‌సైటే కావాలన్నారు. మొదటి పాఠానికి మైకు పెట్టగానే, అలవాటు కొద్దీ, "తలుపు దగ్గర ఎవరన్నా ఉంటే లోపలికి రండిరా" అని మొదలుపెట్టారు.

"ఇక్కడ తలుపేది మాస్టారూ, ఆ ముక్క కోసేయనా?"

"ఉండనీరా, వచ్చేవాడు వస్తాడు."

ఆ సైటును షేర్డ్ హోస్టింగ్‌లో పెట్టాను. అంటే ఏందని అడిగారు. ఒకే పెద్ద కంప్యూటర్లో బోలెడు సైట్లుంటాయని, దాని బలాన్ని అందరూ పంచుకుంటారని, మన వినుకొండ షేర్ ఆటో లాంటిదని చెప్పాను.

"మిర్చి టిక్కీ బస్తాలేసుకునేవాడు ఎక్కితే మన కాళ్లెక్కడ పెట్టుకోవాలిరా? మన పిల్లలే అందరూ ఒక్కసారి వస్తే?"

"అన్‌లిమిటెడ్ అని రాశారు మాస్టారూ."

"హద్దు లేదన్నచోటే హద్దు యాడుందో చూసుకోవాల" అని నవ్వారు.

ఆయన అన్నది నిజమే. అన్‌లిమిటెడ్ అన్నది పాఠాలు దాచుకునే చోటుకే. ఒకేసారి ఎంతమంది లోపలికి రావచ్చన్నదానికి హద్దుంది. దాటితే పక్క సైట్లు నలగకుండా కంపెనీ మన సైటును ఆపేస్తుంది. అది నాకు తెలుసు. తెలిసే, అడపాదడపా వచ్చేవాళ్లకు ఇది చాలులే అనుకున్నాను. పోయిన పరీక్షలప్పుడు సైటు మొరాయిస్తే, "మన సైటుకే విడిగా సర్వరు తీసుకుందామారా?" అని ఆయనే అడిగారు. నాకది ఒక పూట పని. "చూద్దాం మాస్టారూ" అంటూ బద్ధకించాను. "నీకు తెలవంది నాకేం తెలుసులే" అన్నారు.

సోమవారం నేను వెలగబెట్టిన ఘనకార్యం ఇది. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో సైటు లింకు పెట్టి, "మాస్టారి గొంతు వినాలంటే ఇక్కడ నొక్కండి" అని రాశాను. కింద నా షాపు పేరు కూడా రాశాను. చావు కబురు కింద నా బోర్డు! ఆ లింకు గ్రూపులు దాటి ఆయన దగ్గర చదివిన అందరికీ పాకింది. నేను నూజెండ్ల చేరేసరికి షామియానా కింద ప్రతి ఫోన్లోనూ తెల్లటి పేజీ, తిరిగే చక్రం.

"ఏందిరా, మాస్టారి సైటు తెరుచుకోట్లా?" అన్నాడు నా క్లాస్‌మేట్.

కంపెనీకి ఫోన్ చేస్తే పరిమితి దాటిందని, రేపటిదాకా ఇంతేనని చెప్పారు. ఈలోగా మాస్టారి భార్య నన్ను పిలిచారు. మేమంతా ఆవిడను అమ్మగారూ అంటాం. తన ఫోన్ నా చేతిలో పెట్టి, "అబ్బాయా, ఎత్తకముందు ఒక్కసారి ఆయన గొంతు వినిపియ్యి" అన్నారు.

రికార్డింగులన్నీ షాపులోని కంప్యూటర్లోనే ఉండిపోయాయి. ఫోన్ ఆపి మళ్లీ ఆన్ చేశాను. ఏదో చేస్తున్నట్టు వేళ్లు ఆడించాను. చివరికి, "సిగ్నల్ లేదమ్మగారూ" అన్నాను.

పక్కనెవరి ఫోన్లోనో వేరే వీడియో చక్కగా ఆడుతోంది. ఆవిడ అటు చూశారు, నా వంక చూశారు. ఫోన్ తీసుకుని చీరకొంగులో చుట్టుకున్నారు. అప్పటికి పాడె సిద్ధమైంది.

మర్నాడు పొద్దున సైటు తెరుచుకుంది. ఆవిడకు ఫోన్ చేసి చెప్పాను. "ఇప్పుడెందుకులే నాయనా" అన్నారు.

షాపు దగ్గర షట్టరు సగం ఎత్తి, మెట్టు మీదే నిలబడి ఫోన్లో మొదటి పాఠం నొక్కాను. సుద్దముక్కతో బోర్డు మీద తట్టిన చప్పుడు, చిన్న దగ్గు, ఆ తర్వాత ఆయన గొంతు. "తలుపు దగ్గర ఎవరన్నా ఉంటే లోపలికి రండిరా."

పాఠం అయిపోయేదాకా నేను ఆ మెట్టు మీదే నిలబడి ఉన్నాను.