జాలీకి కట్టిన పలకతో అమ్రాబాద్ దాకా

మా అక్క కూతురి పెళ్లి అమ్రాబాద్‌లో, ముహూర్తం పదకొండున్నరకు. పెళ్లికూతురిని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తెచ్చేది మేనమామ. నేను అందుకోకపోతే ఆ బుట్ట పట్టడానికి మా చిన్నాయన కొడుకు ముందురోజే వెళ్లి సిద్ధంగా ఉన్నాడు. పట్టుబట్టి మా తాతల నాటి బంగళాను, మా గడీని, అమ్మించిన మనిషి అతను. అక్క బస్సులో రమ్మన్నది. దేవరకొండలో ఒకటి, అచ్చంపేటలో ఒకటి మారాలి. ఇంటి పెద్దకొడుకు బస్సులు మారుకుంటూ పెళ్లికి దిగడం నాకు నచ్చలేదు. ఆరింటికి నల్లగొండ నుంచి కారులోనే బయలుదేరాను. వెనక సీట్లో మా మేనత్త, మా తాతకు మిగిలిన ఒక్క కూతురు.

కారు పాతది, టర్బో ఇంజిన్. ఇలాంటి కారుతో ఈ దారి పట్టేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. టర్బో గాలిని ఒత్తి ఇంజిన్‌లోకి పంపుతుంది. ఒత్తిన గాలి వేడెక్కుతుంది. దాన్ని చల్లార్చే ఇంటర్‌కూలర్ కారు ముందున్న గ్రిల్ జాలీ వెనకే ఉంటుంది, దాని వెనక రేడియేటర్. రెండింటికీ ఎదురుగాలే ఆధారం. జాలీకి అడ్డంగా ఏదీ పెట్టవద్దని కారుతో ఇచ్చిన పుస్తకంలోనే ఉంది. చదివాను కూడా. గడీ గేటుకు ఉండిన ఇత్తడి పలక, మా తాత పేరు చెక్కినది, పెళ్లి కోసం ఆ జాలీకే కట్టించాను. పుస్తకంలోని మాట మా తాత పేరుకు కూడా వర్తిస్తుందని తోచలేదు.

దారి పొడవునా పత్తి లారీలు. దూది రేగి అద్దం మీద వాలుతోంది. దేవరకొండ చేరేసరికి వేడి చూపే ముల్లు పైకి పాకింది. ఏసీ ఆపాను, హీటర్ పెట్టాను, ఇంజిన్‌ను వెంటనే ఆపకుండా కాసేపు ఊరికే తిరగనిచ్చాను. ఇవన్నీ చేయవలసినవే. చాయ్ బండి దగ్గర ఉన్నవాళ్లంతా చేరి తలా ఒక సలహా ఇచ్చారు. ఒకాయన రేడియేటర్ మూత ఇప్పుడే తిప్పమన్నాడు. చెయ్యి కాల్చుకునే పని. మెకానిక్ వచ్చి, "థర్మోస్టాట్ తీసి పారేస్తె ఫికరే ఉండది సార్" అన్నాడు. ఏ కారుకైనా వీళ్లకు తెలిసిన మందు అదొక్కటే. వద్దన్నాను. చల్లారాక కూలెంట్ మాత్రం నింపించాను. గంట పోయింది.

డిండి దాకా బాగానే నడిచింది. హాజీపూర్ దాటి ఘాట్ ఎక్కబోతుంటే ముల్లు ఎర్ర గీత తాకింది. పదిన్నర దాటింది. అక్క ఫోన్ చేసి, చిన్నాయన కొడుకు పట్టు కండువా వేసుకుని బుట్ట పక్కనే నిలబడ్డాడని చెప్పింది. చెప్పవలసిన అవసరం లేని సంగతి.

మేనత్త దిగి, జాలీ ముందు వంగి చూసింది.

"అల్లుడా, ఇటు రా. చుట్టూత దూది పట్టింది. పలక యెనక ఒక్క పోగు లేదు. గాడికి గాలే పోలే."

నిజమే. పలక ఉన్నంత మేరా ఇంటర్‌కూలర్ శుభ్రంగా మెరుస్తోంది.

"అది తాత పేరు అత్తా," అన్నాను.

"మా బాపు పేరు నాకు చెప్తున్నవా? గడీ పోయినా గేటు మోస్కుంట తిరుగుతున్నవ్. ఇప్పి నా ఒళ్లె పెట్టు."

తీగలు విప్పాను. ఇంటర్‌కూలర్ సన్నని రేకులు వంగకుండా దూదిని వేళ్లతో తీసేశాను. ముల్లు దిగేదాకా ఆగాను. తర్వాత ఏసీ లేకుండా, చిన్న గేర్‌లో, ఇంజిన్ మూలగకుండా ఘాట్ ఎక్కించాను. ముల్లు మధ్య గీత దాటలేదు. మేనత్త పలకను ఒళ్లో పెట్టుకుని మన్ననూరు దాకా అడవిని చూస్తూ కూర్చుంది.

అమ్రాబాద్‌లో మేము దిగేసరికి మేళం మొదలైంది. పెళ్లికూతురు అప్పటికే బుట్టలో ఉంది, చిన్నాయన కొడుకు ఒక అంచు పట్టుకుని ఉన్నాడు. వదలమందామనుకున్నాను. పక్కన మేనత్త ఉంది. రెండో అంచు పట్టుకున్నాను. మా మేనకోడలు ఒక్కడు మోసే బరువు కాదని ఎత్తాక తెలిసింది. మండపం దాకా ఇద్దరం అడుగు కలిపి వేశాం.

భోజనాలయ్యాక నాలుగింటికి తిరుగు ప్రయాణం. పలక ఎక్కడ పెట్టమంటావని మేనత్త అడిగింది. వెనక అద్దం దగ్గర, పేరు బయటికి కనిపించేటట్టు పెట్టమన్నాను. ఎదురొచ్చేవాళ్లకు మేమెవరమో తెలియకపోతే పోనీ, దాటిపోయాక చదువుకుంటారు. దేవరకొండ చాయ్ బండి ముందు నుంచి ఆగకుండా వచ్చాను.